సగటు చీకటి

మూత పెట్టి ఫోటోలు తీయడం ఆమె ఉద్యోగం. లెన్సు ఉండాల్సిన చోట నల్లటి మూత బిగించి, కెమెరాని నల్లటి పెట్టెలో పెట్టి, పెట్టె మీద నల్లటి గుడ్డ కప్పి, గదిలో దీపం కూడా ఆర్పేసి, అప్పుడు బటన్ నొక్కుతుంది. ఏమీ లేనిదాన్ని ఫోటో తీస్తుందన్నమాట. ఏమీ లేనిచోట ఏదైనా కనిపిస్తే అది నాయిస్, కెమెరాలో బొమ్మని పట్టే చిప్పు లోపల కరెంటు చేసే అల్లరి. ఆ అల్లరి ఎంతుందో కొలిచి చెప్పాలి. అందుకే ఆఫీసులో అందరూ ఆమెని మూతమ్మాయి అంటారు. మొదట్లో ఉడుక్కునేది, ఇప్పుడు ఫోనెత్తి తనే "మూతమ్మాయిని మాట్లాడుతున్నా" అంటోంది.

ఆ సోమవారం ఏమీ లేనిచోట చారలు కనిపించాయి. అడ్డంగా, సన్నగా, ఒకదాని కింద ఒకటి, ఎవరో తడి దువ్వెనతో చీకటికి తల దువ్వినట్టు.

అది కొత్త చిప్పు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్ళ లోపల చూసే కెమెరా కోసం చేసింది. అంత చిన్న కళ్ళలోకి గట్టి దీపం వేయకూడదు, మసక వెలుతురులోనే చూడాలి, మసక వెలుతురులో చూడాలంటే చిప్పు నోరు మూసుకుని ఉండాలి. లేకపోతే వెంట్రుక కన్నా సన్నటి నరం ఒకటి చార కింద దాక్కుంటుంది, డాక్టర్ చూడదు, అంతే.

కొలవడానికి ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఐదొందల చీకటి ఫోటోలు తీస్తారు. ఒక్కో ఫోటోలో నాయిస్ ఎంతుందో కంప్యూటరే లెక్కేస్తుంది, ఐదొందల లెక్కలకీ సగటు తీసి ఒకే ఒక్క అంకె ఇస్తుంది, ఆ అంకె పక్కన అన్నిటికన్నా చెడ్డ ఫోటో ఒకటి నమూనాగా అతికిస్తుంది. మిగతా ఫోటోలు ఎవరూ తెరవరు. ఐదొందల చీకట్లని కూర్చుని చూసే ఓపిక ఎవరికుంది?

మీటింగ్ గదిలో మేనేజర్ ఆ చెడ్డ ఫోటోని గోడంత చేసి వేశాడు.

"ఇది చిప్పా, చారల చొక్కానా?"

ఎవరూ నవ్వలేదు. ఇస్త్రీ ఒక్కడే నవ్వబోయి ఆగిపోయాడు. ఇస్త్రీ అంటే ఫోటోల్లో గరుకుని కోడ్ రాసి నున్నగా చేసే ఇంజనీరు, ఆ పనికి తగ్గట్టే పేరొచ్చింది, చొక్కా మాత్రం ఎప్పుడూ నలిగే ఉంటుంది.

బల్లకి అటువైపు గీతల మామ కూర్చున్నాడు. చిప్పు లోపల ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలో గీసేది ఆయనే. ఎదురుగా అందరూ సార్ అంటారు, ఆయన అటు తిరగ్గానే గీతల మామ అంటారు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"సార్, గోల చేసే తీగ పక్కనే చెవులు రిక్కించుకునే తీగని ఎలా పెట్టారండీ?" అన్నాడు మేనేజర్.

"పక్కన పెట్టలేదు. రెండింటికీ మధ్య గ్రౌండ్ లైన్ ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరికి గోడ కట్టినట్టు గీశాను."

"గోడలకి చెవులుంటాయంటారు కదా. మీ గోడకి కాస్త పెద్దవే మొలిచినట్టున్నాయి."

ఈసారి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగకముందే గీతల మామ ఆమెవైపు తిరిగాడు.

"అమ్మాయ్, కొలత సరిగ్గా ఉందా?"

"ఉంది సార్. ఐదొందలు తీశాను, సగటే అది."

"బోర్డు, తీగలు, కనెక్షన్లు?"

"అన్నీ మామూలుగానే ఉన్నాయి సార్."

ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. ఆమె మాట అంటే ఆయనకి అంత నమ్మకం. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని గోడ మీది చారల్ని చూశాడు. బొటనవేలితో బల్ల మీద ఒక గీత గీశాడు, దానికి కాస్త దూరంలో ఇంకో గీత, రెండింటికీ మధ్య మూడోది. మళ్ళీ అదే గీశాడు. బల్ల మీద ఏమీ పడటం లేదు.

"శుక్రవారం కళ్ళ డాక్టరమ్మ వస్తున్నారు," అన్నాడు మేనేజర్. "ఆవిడకి చారలు చూపించలేం. ఇస్త్రీ, నీ ఫిల్టర్ ఏదో గట్టిగా వేసి అతుకు పెట్టు. అసలు చిప్పు మళ్ళీ గీయాల్సిందే, ఈసారి బయటివాళ్ళతో గీయిద్దాం. సార్, మీరు శుక్రవారం లోపు డ్రాయింగులన్నీ అప్పజెప్పేయండి. పాత ఫైళ్ళ గదిలో సర్దాల్సింది బోలెడుంది. మీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది."

"నాకు అలుపు లేదు," అన్నాడు గీతల మామ.

"ఉండాలని ఏముందండీ, ముందు జాగ్రత్త," అన్నాడు మేనేజర్. మీటింగ్ అయిపోయింది.

*

ఇంట్లో ముందుగది బావ ఫోటో స్టూడియో, వెనక గదుల్లో కాపురం. ఆమె వచ్చేసరికి అక్క కౌంటర్ దగ్గర నిలబడి పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తోంది, కట్టర్ పిడి కిందకి దిగినప్పుడల్లా ఒకే మొహం ముక్కలు ముక్కలుగా రాలుతోంది. బావ కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"రా మరదలా, రా. నీ దగ్గర ఒక చీకటుంటే ఇవ్వు, మొహం దాచుకుంటాను."

"ఏమైంది బావా?"

"బడి పిల్లల గ్రూప్ ఫోటో. పన్నెండు సార్లు తీశాను. ఒక్కదాన్లో కూడా అందరూ కళ్ళు తెరిచి చావలేదు."

"అంతా నిద్రపోతు బడేమో," అంది అక్క కత్తిరిస్తూనే.

"కాదే బాబూ, అదే వింత! చూడు, దీన్లో ఈ చివరి పిల్ల ఒక్కతే మూసింది. దీన్లో పిల్ల బానే ఉంది, టీచరమ్మ మూసింది. దీన్లో వీడు కళ్ళు తెరిచాడు, దాంతోపాటు నోరూ తెరిచాడు. విడివిడిగా చూస్తే అందరూ బంగారాలే. అన్నీ కలిపి లెక్కేసుకుంటే నువ్వన్నట్టు నిద్రపోతు బడి."

బావ బాణం మీట నొక్కుతున్నాడు, ఒకటి, ఇంకోటి, ఇంకోటి, వరుసలు అవే, పిల్లలు వాళ్ళే, మూసిన కళ్ళు మాత్రం ఒక్కోసారి ఒక్కోచోట. ఆమె చేతిలో టీ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమే, ఈగ పడిందా?" అంది అక్క.

"బావా, ఎప్పుడూ ఇలా ఒక్కోటీ తెరిచి చూస్తావా?"

"చూడకపోతే ఎలా తెలుస్తుంది? మీలా మూత పెట్టుకుని కూర్చుంటే జరిగే వ్యాపారమా ఇది?"

టీ చల్లారిపోయింది. ఆమెకి బట్టలు మార్చుకోవాలని కూడా గుర్తు రాలేదు. ఐదొందల్లో తను చూసింది ఒక్కటే, అదీ అన్నిటికన్నా చెడ్డది. మిగతావి ఎలా ఉన్నాయి?

*

మంగళవారం పొద్దున బ్యాగ్ భుజాన ఉండగానే కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి ఫోటో తెరిచింది. చారల్లేవు. రెండోదాన్లో లేవు. మూడోదాన్లో లేవు. నల్లగా, శుభ్రంగా, కాటుక పూసిన పలకలా ఉంది చిప్పు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే నొక్కుతూ పోయింది, ఒక్కసారిగా చారలు. మళ్ళీ చారలు. వరసగా చాలా ఫోటోలు చారలే చారలు. ఆ తర్వాత మళ్ళీ కాటుక.

చిప్పులోనే తప్పుంటే ప్రతి ఫోటోలోనూ ఉండాలి. గీసిన గీత ఒకసారి ఉండి ఒకసారి ఊరెళ్ళదు కదా.

బ్యాగ్ కింద పడేసి, పెట్టె మీద గుడ్డ సరిచేసి, దీపం ఆర్పి, కెమెరాని ఆన్ చేసి ఫోటోలు వస్తుండగానే తెర మీద చూస్తూ కూర్చుంది. నలుపు. నలుపు. నలుపు.

టిక్.

చారలు!

ఆ టిక్ ఆమెకి కొత్తది కాదు. చిప్పు వేడెక్కకుండా దాని కింద చల్లబరిచే పలక ఒకటి ఉంది, కొత్త చిప్పుతోపాటే అమర్చింది, వేడి పెరగ్గానే టిక్‌మని ఆన్ అవుతుంది, చల్లబడగానే టిక్‌మని ఆగుతుంది. రోజంతా అంటూనే ఉంటుంది, గోడ గడియారంలా చెవికి ఆనడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు చెవి రిక్కించి కూర్చుంది. టిక్, చారలు పోయాయి. కాసేపు నలుపు. టిక్, చారలు వచ్చాయి.

దీపం వేసి, మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల వెనక తీగల చిక్కులోకి తల దూర్చింది. చిప్పు బోర్డు నుంచి వచ్చే నల్ల తీగ, అది గ్రౌండ్, కరెంటు వెనక్కి వచ్చే దారి. దాని కొసని మొసలి నోటి క్లిప్పు ఒకటి కరిచి పట్టుకుని ఉంది. ఆ క్లిప్పు నడుముని ఇంకో క్లిప్పు కరిచి పట్టుకుని ఉంది. రెండోది చల్లపలకది. క్లిప్పు మీద క్లిప్పు. చల్లపలక అమర్చిన రోజు తీగ పొడవు చాలక, ఇంకో తీగ కోసం వెతికే ఓపిక లేక, తర్వాత మారుద్దాంలే అని తన చేత్తో తను పెట్టినదే.

చల్లపలక తాగే కరెంటంతా చిప్పు గ్రౌండ్ తీగలోంచే వెనక్కి వస్తోంది. ఇరుకు సందులో సైకిల్ వెళ్తుంటే వెనకే లారీ వచ్చినట్టు, లారీ వచ్చినప్పుడల్లా సైకిల్ గోడకి ఒరుగుతోంది. చిప్పు ఫోటోలోని ప్రతి చుక్కనీ రెండుసార్లు చదువుతుంది, డబ్బాలో సరుకు తూచేవాడిలాగే, ముందు ఖాళీ డబ్బా తూచి, తర్వాత నిండు డబ్బా తూచి, ఇందులోంచి అది తీసేస్తుంది. రెండు తూకాలకీ మధ్యలో తక్కెడే కదిలిపోతే? వరుసకి వరుసే తప్పు లెక్క. అదే చార.

రెండో క్లిప్పు ఊడదీసింది. పొడుగు తీగ ఒకటి వెతికి తెచ్చి చల్లపలకని నేరుగా కరెంటు పెట్టెకి కలిపింది. దీపం ఆర్పింది. నలుపు. టిక్. నలుపు. టిక్. నలుపే.

ఎగిరి గంతేయాల్సిన క్షణం. తలుపు దగ్గరకి పరిగెత్తింది కూడా, గడియ మీద చెయ్యి వేసింది. అవతల వరండాలో గీతల మామ గొంతు వినిపిస్తోంది, అటెండర్‌ని అట్టపెట్టెలు అడుగుతున్నాడు. "పెద్దవి వద్దయ్యా, చిన్నవే ఇవ్వు. పెద్దవైతే నిండవు."

అన్నీ మామూలుగానే ఉన్నాయి సార్. ఆ మాట గుర్తొచ్చింది. అంతమంది ముందు అంది. క్లిప్పు మీద క్లిప్పు పెట్టకూడదన్నది ఈ గదిలో మొదటి రోజు నేర్పే పాఠం, ఆమెకి నేర్పింది కూడా ఆయనే, వేళ్ళ మీద స్కేలుతో ఒకటి తట్టి మరీ. ఇప్పుడు వెళ్ళి చెప్తే ఇదివరకు తను ఇచ్చిన ప్రతి అంకెనీ అనుమానంగా చూస్తారు. మూతమ్మాయి కొలత అంటే రాసి పెట్టుకోవచ్చు అనే మాట ఒకటుంది ఆఫీసులో. అదొక్కటే ఆమె ఆస్తి.

చెయ్యి గడియ మీంచి మెల్లగా జారింది. ఎవరికీ నష్టం లేదు కదా, అనుకుంది. చారలు పోయాయి. కొత్తగా కొలిచి కొత్త అంకె పంపితే సరి, చిప్పు బాగుందని వాళ్ళకే తెలుస్తుంది, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. అట్టపెట్టెలు వెనక్కి పోతాయి.

మధ్యాహ్నం ఇస్త్రీ వచ్చి కొత్త ఫిల్టర్‌ని కెమెరాలో ఎక్కించి వెళ్ళాడు. సాయంత్రం ఆమె ఐదొందలు తీసి, సగటు అంకె మేనేజర్‌కి పంపింది. ఎందుకు తగ్గిందో రాయలేదు.

*

బుధవారం మేనేజర్ గొంతు మెట్ల మీంచే వినిపించింది. "ఏడీ, మన ఇస్త్రీ ఏడీ?"

అందరి ముందూ ఇస్త్రీ వీపు చరిచాడు. "పదోవంతుకి పడిపోయింది నాయిస్! చూశారా, గీతలు చెడగొట్టినదాన్ని కోడ్ బాగుచేసింది." ఆ మాట అంటున్నప్పుడు గీతల మామ నీళ్ళ సీసా నింపుకుంటూ అక్కడే ఉన్నాడు. సీసా నిండి నీళ్ళు వేళ్ళ మీంచి కారాయి. మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇస్త్రీ ఆమె బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పవే. నా కోడ్‌కి అంత సీనుందా? నేను రెండు అంకెలు మార్చానంతే."

"ఏమో, ఉందేమో," అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఉందంటావా! ఇంట్లో చెప్పొచ్చా అయితే?"

"చెప్పుకో."

భోజనాల తర్వాత గీతల మామ వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, గదిలో దీపం వెలుగుతోందని చూసుకుని మరీ లోపలికి వచ్చాడు. దీపం ఆర్పి ఉంటే ఆ తలుపు తీయకూడదన్నది ఆయన ఎప్పుడూ తప్పని నియమం.

"అమ్మాయ్, ఆ చారల ఫోటో ఒకటి ప్రింట్ తీసిస్తావా?"

"ఇప్పుడెందుకు సార్? పోయాయిగా."

"పోలేదమ్మా, దుప్పటి కప్పారు. కిందున్నది కిందే ఉంటుంది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "డ్రాయింగ్ మొత్తం మళ్ళీ చూశాను. తప్పు దొరకట్లేదు. తప్పుందని నువ్వు కొలిచి చెప్పావు కాబట్టి ఉంది, కానీ దొరకట్లేదు. అంటే కళ్ళన్నా పోయి ఉండాలి, బుర్రన్నా పోయి ఉండాలి. మా ఆవిడ కళ్ళే అంటోంది, పాపం మర్యాదకి."

ఆమె ప్రింటర్ ఆన్ చేసింది. కాగితం కొంచెం కొంచెంగా బయటకి వస్తోంది, చార తర్వాత చార, ఆయన దాన్ని వచ్చింది వచ్చినట్టు రెండు చేతులతో అందుకుంటున్నాడు, చిరిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా.

"బాగా స్పష్టంగా వచ్చింది," అన్నాడు. "థాంక్సమ్మా."

*

గురువారం పొద్దున ఆమె మేనేజర్ గది తలుపు తట్టింది. రెండు వాక్యాలు నోట్లో సిద్ధంగా పెట్టుకుని వెళ్ళింది.

"ఆఁ, రా రా! నేనే పిలుద్దామనుకుంటున్నా," అన్నాడు మేనేజర్ ఫోన్ చెవికి ఆనించుకునే. "సోమవారం నువ్వు ఖచ్చితంగా చెప్పబట్టే కదా ఆ చిప్పు లేఅవుట్ సంగతి, సార్ గీతల సంగతి తేలింది. ఆయన ముందు అలా చెప్పడం మాటలు కాదు. రేపు డాక్టరమ్మ ముందు కెమెరా నువ్వే నడుపు. సరేనా?" ఫోన్‌లో అవతలివాళ్ళు వచ్చేశారు. అతను కుర్చీని కిటికీవైపు తిప్పుకున్నాడు.

ఆమె రెండు వాక్యాలూ మింగేసి బయటకొచ్చింది. గీతల మామ బల్ల మీద చిన్న అట్టపెట్టెలు నాలుగున్నాయి, నిండటానికి వస్తువులే లేనట్టు సగం సగం. చారల ఫోటో మాత్రం పెట్టెలో లేదు, కంప్యూటర్ పక్కన గోడకి అతికించి ఉంది. ఆయన దానికేసి చూస్తాడు, తన డ్రాయింగ్‌కేసి చూస్తాడు, మళ్ళీ దానికేసి.

ఆ సాయంత్రం అక్క ఆమెని కంచం ముందు కూర్చోబెట్టి చూస్తూ నిలబడింది.

"కెలకడం ఆపి తినవే. నిన్నటి నుంచీ చూస్తున్నా. ఎవడన్నా ఏమన్నా అన్నాడా?"

"లేదక్కా."

"నువ్వే ఎవరినన్నా ఏమన్నా అన్నావా?"

దాంతో బయటపడిపోయింది, క్లిప్పు, టిక్, అట్టపెట్టెలు, ప్రింటు, అన్నీ ఒకదాని మీదొకటి పడి తొక్కుకుంటూ వచ్చాయి. బావ ముందుగదిలోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని విన్నాడు.

"అంటే మరదలా," అన్నాడు, "కళ్ళు మూసింది ఫోటోగ్రాఫర్, తిట్లు తిన్నది పిల్లాడు."

"మీరు ఊరుకోండి, హాస్యానికి వేళాపాళా లేదు," అంది అక్క. చెల్లెలి పక్కన కూర్చుంది. "తప్పు తీగ పెట్టినందుకు నిన్నెవరూ ఉరి తీయరు. దాచినందుకు మాత్రం నీ గొంతు నువ్వే పట్టుకున్నావు, ముద్ద దిగితేనా? చెప్పెయ్యి, ఛీ అంటే అంటారు. ఒక పూట ఏడుద్దువుగాని. నేనూ కూర్చుంటా పక్కన."

"నా మాట ఇంకెవరూ నమ్మరక్కా."

"ఆయన నమ్మాడుగా. చూడు ఏమైందో."

*

శుక్రవారం డాక్టరమ్మ చెప్పిన వేళకి ముందే వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పిల్లల కంటి కొలతలతో చేసిన బొమ్మ కన్ను ఒకటి తన సంచిలోంచే తీసి ఇచ్చింది. దాని వెనక గోడ మీద ఎర్రటి నరాలు గీసి ఉన్నాయి, కొసలకి పోయేకొద్దీ సన్నబడుతూ. మూతమ్మాయి ఈసారి మూత తీసింది, లెన్సు బిగించింది, బొమ్మ కన్నుని ఎదురుగా పెట్టింది, దీపాన్ని మిణుకు మిణుకుమనేదాకా తగ్గించింది.

తెర మీద కన్ను వచ్చింది. మెత్తగా, నున్నగా.

"చూశారా మేడమ్! అసలు చిప్పులో లేఅవుట్ లోపం వల్ల చారలుండేవి, మావాడు కోడ్ రాసి తీసేశాడు," అన్నాడు మేనేజర్. ఇస్త్రీ వంగి నమస్కారం లాంటిది పెట్టాడు.

బొమ్మ కన్నుని తెచ్చింది డాక్టరమ్మే కదా, అందులో ఏముందో ఆవిడకి తెలుసు. "అంచున సన్న నరాలు ఏవీ? నేను చూసేది వాటికోసమేనండీ. మీ కోడ్ తీసేయండి, చారలున్నా సరే."

"తీస్తే బావుండదు మేడమ్..."

"తీయండి."

ఇస్త్రీ మేనేజర్ మొహం చూసి, డాక్టరమ్మ మొహం చూసి, ఫిల్టర్ ఆపాడు. చారలు వస్తాయని అందరూ కళ్ళు చిట్లించారు. రాలేదు. దానికి బదులు అంచున సన్నటి నరాలు ఒక్కొక్కటే తేలాయి, చిగురు కొమ్మల్లా.

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఒక్కరికి తప్ప. "మరి చారలు ఎక్కడికి పోయాయి?" అన్నాడు ఇస్త్రీ అమాయకంగా.

అదే వేళకి గీతల మామ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో డ్రాయింగుల చుట్ట, అప్పజెప్పి పోదామని. ఇంతమందిని చూసి ఆగిపోయాడు.

ఆమె లేచింది. లెన్సు తీసి మూత బిగించింది, గుడ్డ కప్పింది. బల్ల వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, చల్లపలక క్లిప్పుని కరెంటు పెట్టె నుంచి ఊడదీసి, పాత చోటనే, చిప్పు క్లిప్పు నడుం మీద కరిపించింది. క్లిప్పు మీద క్లిప్పు. లేచి నిలబడి తెరవైపు చూపించింది. నలుపు.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు మేనేజర్.

"ఒక్క నిమిషం ఆగండి. చప్పుడు వినండి."

అందరూ తెరవైపు తిరిగారు. నలుపు. నలుపు.

టిక్.

గోడంత చారలు.

"ఇవి చిప్పువి కావు," అంది. "సార్ గీసినవి కావు. ఆ తీగ నేను పెట్టాను. కనెక్షన్లు చూశావా అంటే చూడకుండానే చూశానన్నాను. మంగళవారమే తెలిసింది. చెప్పకుండా తీసేశాను. ఇస్త్రీ ఫిల్టర్‌ది కూడా ఏమీ లేదు."

"నేను అనుకుంటూనే ఉన్నా," అన్నాడు ఇస్త్రీ చాలా నెమ్మదిగా.

మేనేజర్ మొహం ఎర్రబడి, డాక్టరమ్మ ఉందని గుర్తొచ్చి మామూలైంది. "సోమవారం నా గదికి రా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. తర్వాత గుమ్మంవైపు తిరిగి, నవ్వు అతికించుకుని, "సార్, శుభం! మీ గోడ గట్టిదేనన్నమాట. ఆ డ్రాయింగులు ఇక మీ దగ్గరే ఉంచుకోండి."

గీతల మామ ఆ మాట విన్నాడో లేదో తెలియలేదు. ఆమెకేసి ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే భరించగలిగేది, కోపం లేదు, స్కేలుతో తట్టిన రోజు ఉన్న విసుగు లాంటిది ఏదో ఉంది. లోపలికి వచ్చి బల్ల వెనక్కి వంగి క్లిప్పు తనే ఊడదీసి సరైన చోట పెట్టాడు. మోకాలు పట్టుకుని లేచాడు. కళ్ళజోడు తుడుచుకుని తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళాడు.

నలుపు.

చాలాసేపు అలాగే ఉన్నాడు. "కుడి అంచు దగ్గర, నిలువుగా. ఒకటుంది."

"ఏముందండీ?" అన్నాడు మేనేజర్.

"గీత."

అందరూ ముందుకు వంగారు. ఆమె రోజంతా చీకటిని చూసే మనిషి, ఆమెకీ ఏమీ కనిపించలేదు. "లేదు సార్," అంది మెల్లగా.

"ఉందమ్మా. మొన్న చారల ఫోటోలో కూడా అక్కడ ఏదో అడ్డం తగిలింది నా కంటికి. ఐదొందలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయి."

"అబ్బా, ఎవరికీ కనిపించట్లేదు కదండీ, ఇక వదిలేయండి!" అన్నాడు మేనేజర్. అందులో బతిమాలుకోవడమే ఎక్కువుంది.

"వచ్చిపోయేదాన్ని విడివిడిగా చూసి పట్టుకోవాలి. ఎప్పుడూ ఉండేది సగటులోనే దొరుకుతుంది," అన్నాడు గీతల మామ ఆమెతోనే, పాఠం చెప్తున్నట్టు. "తీయి."

ఆమె చెయ్యి మీట మీద ఆగింది. ఇప్పుడే ఈయన్ని బయటపడేశాను కదా, అనుకుంది, మళ్ళీ నా చేత్తోనే ఇరికించాలా. ఆయన చూస్తున్నాడు. నొక్కింది.

దీపం ఆర్పారు. ఫోటోలు ఒకదాని మీద ఒకటి పేరుతుంటే తెర మీద గరుకు నెమ్మదిగా అణిగింది, నీళ్ళలో మట్టి దిగినట్టు. టిక్ అంది, ఏమీ కాలేదు. మళ్ళీ టిక్ అంది. నీళ్ళు తేటపడ్డాయి. కుడి అంచు దగ్గర, పైనుంచి కిందకి, సాలెపోగు లాంటి గీత ఒకటి ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు నిలబడి ఉంది.

"ఇది నాది," అన్నాడు గీతల మామ.

ఆయన డ్రాయింగుల చుట్ట విప్పాడు, దీపం వేయమన్నాడు, బల్ల మీద పరిచి బొటనవేలు కుడి అంచు దాకా జరిపాడు. అక్కడ, మలుపులో, గోడ ఒక్కచోట తెగి ఉంది. వెంట్రుకంత సందు. "మూల తిప్పుతూ ఇక్కడ వదిలేశాను. చారల కోసం వెతుకుతూ అడ్డం గీతలే చూశాను, నిలువువి చూడలేదు." గొంతులో బాధ ఉంది, దానికన్నా ఎక్కువగా హమ్మయ్య అన్న ఊపిరి ఉంది. కళ్ళు పోలేదు. బుర్రా పోలేదు.

"అయితే లేఅవుట్‌లో లోపం ఉందన్నమాటే కదా," అన్నాడు మేనేజర్. ఆ మాట ఎటు తూగాలో అతనికే తెలియనట్టుంది. అట్టపెట్టెలు ఇంకా ఆయన బల్ల మీదే ఉన్నాయి.

డాక్టరమ్మ ఇంతసేపూ తెరనే చూస్తోంది. "ఇది ఎప్పుడూ అక్కడే ఉంటుందా?"

"అక్కడే ఉంటుంది. కదలదు," అన్నాడు గీతల మామ.

"అయితే దాన్ని నేను నరం అనుకోను. ఎప్పుడొస్తాయో తెలియని చారలతోనే నాకు భయం." తన బొమ్మ కన్నుని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. "కొత్త చిప్పు వచ్చేదాకా దీంతోనే మొదలుపెడదాం. ఈ గీత గురించి నాకు అనుమానం వస్తే ఎవరిని అడగాలి?"

మేనేజర్ నోరు తెరిచాడు. బయటివాళ్ళ పేరు నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది. డాక్టరమ్మ సంచి జిప్పు లాగి, తలెత్తి, జవాబు కోసం చూస్తోంది. అతను డ్రాయింగ్ మీద ఇంకా ఆ సందు దగ్గరే ఉన్న బొటనవేలిని చూశాడు.

"ఆయన్నే అడగాలి మేడమ్," అన్నాడు.

వాళ్ళంతా మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. ఇస్త్రీ కూడా వెళ్ళిపోయాడు, వెళ్తూ చేత్తో తన నలిగిన చొక్కా సరిచేసుకున్నాడంతే. గదిలో ఇద్దరే మిగిలారు. సారీ సార్ అనాలని ఉంది, ఆ మాట ఈ పనికి మరీ చిన్న పెట్టెలా అనిపించింది.

గీతల మామ కుర్చీ లాక్కుని ఆమె తెర ఎదుట కూర్చున్నాడు.

"ఇదివరకు ఇచ్చిన కొలతలన్నీ మళ్ళీ తీయాలి, తెలుసా?" అన్నాడు.

"తెలుసు సార్."

"సగటూ కావాలి, విడివి కూడా కావాలి. ప్రతిదీ తెరిచి చూడాలి."

"చూస్తాను సార్."

"చూస్తావో లేదో నేను పక్కన కూర్చుని చూస్తాను," అన్నాడు. "దీపం ఆర్పు."

ఆర్పబోయి ఆగింది. బల్ల వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ప్రతి క్లిప్పునీ ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూసుకుంది. అప్పుడు వచ్చి దీపం ఆర్పింది. చీకట్లో ఇద్దరూ టిక్ కోసం ఎదురుచూశారు.